ఇంటి వెన్నతో పౌను కేకు



పైరులను గూర్చి, ఎరువులను గూర్చి చెప్పవలసిన సేద్యశాస్త్ర శాఖవారు కేకును గూర్చి మాట్లాడుట మీకు వింతగా తోచవచ్చును. కాని ఈ కేకునకు కావలసిన సరుకులు నాలుగే: వెన్న, గుడ్లు, పంచదార, మైదా. ఇందులో మొదటి రెండు పాడి, కోళ్ళు ఉన్న ఇంటిలో ఎప్పుడును ఉండునవే. అయినను పిల్లల పుట్టినరోజు వచ్చినప్పుడు, క్రిస్మసు వచ్చినప్పుడు మనము మన వెన్నను అమ్మివేసి, వనస్పతితో చేసిన కేకును ఎక్కువ ధర పెట్టి కొని తెచ్చుకొనుచున్నాము. ఈ బేరములో నష్టము ఎవరిదో మీరే లెక్క కట్టుకొనవచ్చును.

ఇంటిలో కేకు చేసి చూచితిమి, అది ఇటుకవలె అయినది అని చెప్పువారు చాలమంది ఉన్నారు. ఆ భయము సహేతుకమే. పావుకిలో వెన్న తీయుటకు సుమారు మూడున్నర లీటర్ల గేదెపాలు కావలెను. దానికి ఐదారు గుడ్లు తోడు. కేకు చెడినచో ఇవన్నియు దండుగ. కనుక అది ఎందుకు చెడునో ముందు తెలిసికొనవలెను. చేసెడి విధానము ఆ వెనుక సులభముగా బోధపడును.

ఈ కేకు పుట్టినది ఇంగ్లండులో. పౌను వెన్న, పౌను పంచదార, పౌను పిండి, పౌను గుడ్లు, ఇదియే లెక్క గనుక ఆ పేరు వచ్చినది. పౌను అనగా 454 గ్రాములు. మన పాత తూకములో వీశెకు ఇంచుమించు మూడవ వంతు. నాలుగును సమముగా ఉండవలెనన్న మాటనే ఫ్రెంచివారు ‘నాలుగు పాళ్ళు’ అను అర్థము వచ్చు పేరుగా పెట్టుకొన్నారు. 1747 లో హన్నా గ్లాస్ అను ఆమె అచ్చు వేయించిన వంటల పుస్తకములో ఈ కేకు ఉన్నది. వెన్నను మట్టిపాత్రలో చేతితో ఒకే వైపునకు త్రిప్పుచు చిక్కని మీగడవలె అగువరకు గిలకొట్టవలెనని, పిండి, గుడ్లు, పంచదార, కొంచెము సీమజీలకర్ర చేరిన పిమ్మట మరి ఒక గంట సేపు గిలకొట్టవలెనని ఆమె వ్రాసినది. గంటసేపు! పాపము, ఆ కాలపు వంటమనుషుల చేతులు ఏమయ్యెడివో!

ఆమెకు ఆ శ్రమ ఎందుకు తప్పలేదు? అప్పటికి బేకింగ్ పౌడరు లేదు. అది ఇంగ్లండులో 1843 లో గాని రాలేదు. కేకును పొంగించుటకు ఆమెకున్నది గాలి ఒక్కటే. పంచదార పలుకులు వెన్నలో రాచుకొనునప్పుడు వాటి అంచులు వెన్నను కోసి, కంటికి కనబడని గాలి బుడగలను అందులో ఇరికించును. పొయ్యిలో ఆ బుడగలే వేడికి వ్యాకోచించును. వెన్నలోను, గుడ్లలోను ఉన్న నీరు ఆవిరియై వానిలోనికే చేరి వానిని ఇంకను పెద్దవి చేయును. పొయ్యిలో క్రొత్త బుడగ ఒక్కటియు పుట్టదు. గిన్నెలో పట్టనిది పొయ్యిలో రాదు. మన ఇండ్లలో చెడిన కేకులలో ఎక్కువభాగము పొయ్యి ఎక్కకముందే చెడినవని నా అభిప్రాయము. పొయ్యిని నిందించుట మన అలవాటు.

కనుక వెన్నను గూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను. పెరుగు చిలికి తీసిన వెన్నలో మజ్జిగ చాల ఉండును. దానిని అట్లే వాడినచో పులుపు, వాసన కేకునకు పట్టును, నీరు ఎక్కువై గాలి నిలువదు. చల్లని నీళ్ళలో వేసి పిసికి, నీరు మార్చుచు, తేట నీరు వచ్చువరకు మూడు నాలుగు సారులు కడుగవలెను. పిమ్మట చేతితో గట్టిగా నొక్కి నీరంతయు పిండి, శుభ్రమైన గుడ్డపై అద్ది, అప్పుడు తూచవలెను. తూచి కడుగుట కాదు, కడిగి తూచుట. గేదె వెన్న తెల్లగా ఉండును గనుక కేకునకు పచ్చని రంగు కొంత తగ్గును. కాని అది ఆవు వెన్నకన్న కొంచెము గట్టిది, వేడికి నిదానముగా కరుగును. మన ఎండలకు ఇది మేలే.

వెన్నకు వేడి 18 నుండి 21 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఉండవలెను. ఉష్ణమాపకము లేనివారు వ్రేలితో నొక్కి చూడవలెను. గుంట పడవలెను గాని వ్రేలికి నూనెవలె మెరుపు అంటరాదు. మెరిసినచో వెన్న కరుగుట మొదలైనదన్నమాట. కరిగిన వెన్న గాలిని పట్టదు. నెయ్యి వాడరాదనుటకు కారణము కూడ ఇదియే. పైగా నేతిలో ఆవిరి కాగల నీరును ఉండదు. పౌను కేకునకు తగిన కాలము నవంబరు నుండి ఫిబ్రవరి వరకు. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల మే నెలలో చేయదలచినవారు తెల్లవారుజామున, వెన్నగిన్నెను కడవలోని చల్లని నీళ్ళ పళ్ళెములో నిలిపి చేయవలెను.

ఇక కొలత. ఇంటికి పావుకిలో చొప్పున చాలును: వెన్న 250 గ్రాములు, పంచదార 250, పెంకు తీసిన గుడ్లు 250, మైదా 250, చిటికెడు ఉప్పు. గుడ్లను లెక్కపెట్టి వేయరాదు. ఫారము గుడ్లైనచో ఐదు చాలవచ్చును. నాటుకోడి గుడ్లు చిన్నవి గనుక ఏడు పట్టవచ్చును. తూచుటయే సరియైన పద్ధతి. పంచదార సన్నపు పలుకుగా ఉండవలెను. మెత్తని పొడికి అంచులు ఉండవు గనుక అది అంతగా పనికిరాదు. బెల్లము వాడవచ్చునా అని మీలో కొందరు అడుగుదురు. బెల్లముతో మంచి కేకులు ఉన్నవి, కాని అవి వేరు. బెల్లములోని తడి వలన ఈ పద్ధతిలో గాలి చాలినంత పట్టదు.

వెన్నను, పంచదారను కొయ్యగరిటెతో తెల్లబడి, ఉబ్బి, తేలికపడువరకు గిలకొట్టవలెను. చేతితో పదునైదు, ఇరువది నిమిషములు పట్టును. ఇంటిలో ఇద్దరున్నచో వంతులు వేసికొనుడు. గుడ్లను విడిగా గిలకొట్టి, చెంచాడు చొప్పున కలుపుచు, ప్రతిసారి పూర్తిగా కలిసిన పిమ్మటనే మరి ఒక చెంచాడు పోయవలెను. ఫ్రిజ్ నుండి తీసిన గుడ్లు వెంటనే వేసినచో వెన్న గడ్డకట్టి మిశ్రమము విరిగిపోవును. విరుగుచున్నట్లు తోచినచో, తూచి ఉంచిన మైదాలో నుండియే ఒక చెంచాడు చల్లినచో సర్దుకొనును. నిమ్మతొక్క తురుము గాని, యాలకుల పొడి గాని ఈ దశలో వేయవచ్చును.

మైదాను గూర్చి నా శాఖకు సంబంధించిన మాట ఒకటి చెప్పెదను. గోధుమలోని మాంసకృత్తులు తడిసి నలిగినప్పుడు సాగెడి బంకగా మారును. కొంచెము మైదాను ముద్దగా కలిపి, కొంత సేపు ఉంచి, నీళ్ళలో పిసికి కడుగుడు. పిండి కొట్టుకొనిపోగా రబ్బరువంటిది చేతిలో మిగులును. అదియే ఆ బంక. గోధుమ పైరుకు వెన్ను పైకి వచ్చు సమయమున నత్రజని వేసినచో దిగుబడికన్న ఈ మాంసకృత్తులు హెచ్చును. అది రొట్టెకు మేలు, కేకునకు కీడు. కనుక మైదా వేసిన పిమ్మట గిలకొట్టరాదు. రెండుసారులు జల్లించి, మూడు విడతలుగా వేసి, గరిటెతో క్రింది నుండి పైకి మడచుచు, పొడి కనబడకుండ కలిసిన వెంటనే ఆపవలెను. మీ మైదా మరీ సాగునదైనచో నూటికి పదునైదు పాళ్ళు తీసివేసి తెల్లని కార్న్‌ఫ్లోరు చేర్చుడు. పూర్తిగా బియ్యపు పిండితో, రాగి పిండితో ఈ కేకు నిలువదు, పొడిపొడియగును. ఐదింట ఒక పాలు వరకు అభ్యంతరము లేదు.

గిన్నెకు వెన్న రాచి, కాగితము పరచి, మూడింట రెండు పాళ్ళవరకే నింపవలెను. ఓవెను ఉన్నవారు ముందుగా 160 డిగ్రీలకు వేడిచేసి, గంట నుండి గంటంబావు వరకు ఉంచవలెను. ఓవెను లేనివారు దళసరి డేగిసాలో రెండంగుళముల మందము శుభ్రమైన పొడి ఇసుక పోసి, దానిపై చిన్న ముక్కాలి పెట్టి, మూత వేసి, పదునైదు నిమిషములు కాచిన పిమ్మట కేకు గిన్నెను దించి మంట తగ్గింపవలెను. మూతపై నాలుగు నిప్పులు పెట్టినచో పైభాగమునకును రంగు వచ్చును. ప్రెషర్ కుక్కరును నీరు లేకుండ ఇందుకు వాడువారు ఉన్నారు. కుక్కరు చెడును గనుక నేను సలహా ఇవ్వను. మొదటి నలువది నిమిషములు మూత తీయరాదు. తీసినచో ఇంకను గట్టిపడని బుడగలు కూలి నడుమ గుంట పడును. పైన నెర్రె విచ్చినచో దిగులు పడవలదు. పైపొర ముందు గట్టిపడి, లోపలిది తరువాత పొంగుటచే అట్లగును. చీపురుపుల్ల గ్రుచ్చి తీసినప్పుడు పచ్చిపిండి అంటకున్నచో దింపవచ్చును.

పది నిమిషములు ఆగి గిన్నె నుండి తీసి, పూర్తిగా చల్లారిన పిమ్మట కోయవలెను. మరునాడు రుచి ఇంకను బాగుండును. మూత గల డబ్బాలో చలికాలమున నాలుగైదు రోజులు నిలువ ఉండును. ఏబది గ్రాముల ముక్కలో సుమారు 200 కిలోకాలరీల శక్తి ఉన్నది. ఇంటిలో మధుమేహము గలవారున్నచో ముక్క పలుచగా కోయుడు, లేదా వారి వంతు పిల్లలకు ఇచ్చివేయుడు.