మన చెరువులోకి నీళ్లు ఏ దారిన వస్తున్నయి?



నీళ్లు ఎక్కడివి అని పిల్లలను అడిగితే నల్లా చూపిస్తారు. చెరువు కట్ట వాళ్లకు తెలుసు, చెరువును నింపే కాలువ తెలియదు. అందుకే వానలు పడకముందే ప్రతి గ్రామ సంఘం పిల్లలను, పెద్దలను వెంటబెట్టుకొని ఆ కాలువ వెంబడి ఎగువకు నడవాలని కోరుతున్నాం.

రామప్ప గుడి 1213 నాటిది. పక్కనున్న చెరువూ కాకతీయుల కాలందే, ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తుంది. గొలుసుకట్టులో పై చెరువు మత్తడి దుంకితేనే కింది చెరువు నిండుతది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఎన్నో చెరువుల పూడిక తీశారు. కానీ కాలువ మూసుకుపోతే ఎంత లోతు తీసినా చెరువు నిండదు.

పిల్లలతో ఒక లెక్క చేయించండి. ఎకరం మీద సెంటీమీటరు వాన పడితే సుమారు 40 వేల లీటర్లు, అంటే 200 లీటర్ల డ్రమ్ములు 200! అందులో కొంత భూమిలో ఇంకుతది, కొంత పారుతది. పారే నీటికి దారి ఉండాలి కదా?

నడిచేటప్పుడు ముళ్లకంప, చెత్తకుప్ప, పూడిన తూము, దున్నేసిన కాలువ ఎక్కడున్నయో పిల్లలతోనే నోటుబుక్కులో రాయించండి. పాత దారులు నీరటిని, ముసలివాళ్లను అడగండి. మట్టి తీసిన గుంతల్లోకి పిల్లలను దిగనీయొద్దు. వాగు పారుతుంటే దాటొద్దు.

ఆ జాబితాను సంఘం తీర్మానంగా రాసి గ్రామసభలో పెడదాం. చేతనైన చెత్త మనమే తీద్దాం, కబ్జా సంగతి అందరం కలిసి అడుగుదాం.