వెలుగు పలక

కంటితో చూడవలసిన వెలుగును గూర్చి చెవికి మాత్రమే చేరు రేడియోలో ముచ్చటించుట కొంత సాహసమే. అయినను ఒక గ్రామములో మేము చూచిన దృశ్యము మమ్ములను ఈ ప్రసంగమునకు పురికొల్పినది.

జగిత్యాల సమీపమున ఒక ఊరికి ధ్వనిముద్రణకై వెళ్లితిమి. మాకు ఆతిథ్యమిచ్చిన ఇంటి పెద్ద పక్షవాతముచే మంచము పట్టిన రైతు. మాట లేదు, చేయి కదలదు. తెలివి మాత్రము నిండుగా ఉన్నది. కోడలు మంచము ప్రక్కన కూర్చుండి, “క దిక్కా మామా? చ దిక్కా? ట దిక్కా?” అని అడుగుచుండెను. ‘ప’ అనగానే ఆయన రెప్ప వాల్చెను. “ప, ఫ, బ, భ, మ...” ‘మ’ వద్ద మరల రెప్ప వాలెను. పిదప గుణింతము. ఈ విధముగా పావుగంటకు తేలిన మాట: “మోటరు బందు.” బావి వద్ద మోటరు ఆపలేదని ఆయన ప్రొద్దుటి నుండి బాధపడుచుండెనట!

ఆ కోడలు నోటితో చేయుచున్న పనిని వెలుగుతో చేయించు యంత్రములు కలవు. 1988లో అమెరికాలో ఫార్వెల్, డాంచిన్ అను ఇరువురు తెరపై ఆరు అడ్డువరుసల, ఆరు నిలువువరుసల గడులు గీచి, వానిలో అక్షరములను, కొన్ని ఆజ్ఞలను అమర్చిరి. వరుసలు ఒకదాని వెంట ఒకటి క్షణకాలము వెలుగును. చూచువాడు తాను కోరిన అక్షరముపై మనస్సు నిలుపును. ఆ అక్షరము గల వరుస వెలిగినపుడు, సుమారు 300 మిల్లీసెకనులకు మెదడులో ఒక ప్రత్యేక తరంగము లేచును. తలకు అంటించిన ఎలక్ట్రోడ్లు దానిని పట్టుకొనును. కరీంనగరు బస్టాండులో సిరిసిల్ల, మంచిర్యాల, గోదావరిఖని అని ఎన్ని పేర్లు వినిపించినను మనము ఉదాసీనముగా కూర్చుందుము. మన ఊరి పేరు వినబడగానే ఉలికిపడి సంచి అందుకొందుము. ఆ ఉలికిపాటు వంటిదే ఈ తరంగము. అయితే అది మైక్రోవోల్టుల లెక్కలోనిది. మెదడులోని ఇతర సందడిలో మునిగిపోవును. కావున వరుసలను పలుమార్లు వెలిగించి సగటు తీయవలెను. నాటి వేగము నిముషమునకు సుమారు 2.3 అక్షరములు మాత్రమే.

వేరొక పద్ధతి నిరంతరముగా మినుకుమను దీపములది. సెకనుకు 12 మార్లు మినుకుమను గడిని చూచినచో, తల వెనుక భాగమున నున్న దృష్టికేంద్రములోని తరంగములును ఆ లెక్కకే సాగును. దండారిలో డప్పు నడకకు గుస్సాడీల అడుగులు కలిసినట్లు! ఒక్కొక్క గడికి ఒక్కొక్క వేగము నిచ్చినచో, ఏ గడిని చూచుచున్నారో తరంగములే తెలుపును. చైనాలోని చింగ్హువా విశ్వవిద్యాలయము వారు 2015లో వెల్లడించిన ప్రయోగములో 40 గడులు కలవు. 8 నుండి 15.8 వరకు, రెండు దశాంశముల తేడాతో ఒక్కొక్క వేగము. నిముషమునకు 60 అక్షరముల వరకు పలికించిరి. హైదరాబాదులో పాఠశాల విద్య నభ్యసించిన రాజేష్ రావుగారు వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో సహచరులతో కలిసి 2019లో ప్రకటించిన ప్రయోగములో రెండే దీపములు: ‘ఔను’కు 17, ‘కాదు’కు 15. మంచముపై నున్న మనిషికి ఒక్కొక్కప్పుడు ఆ రెండును చాలును.

మినుకును ఇష్టము వచ్చినట్లు పెట్టరాదు. 1997 డిసెంబరు 16న జపానులో ఒక బొమ్మల చిత్రము టెలివిజనులో వచ్చుచుండగా, ఎరుపు, నీలము రంగులు సెకనుకు సుమారు 12 మార్లు మారగా, 600 మందికి పైగా పిల్లలు ఆసుపత్రుల పాలైరి. వారిలో కొందరికి మూర్ఛ వచ్చినది. గడులకు రంగులు నిర్ణయించువారు ఈ సంగతిని తలగడ క్రింద పెట్టుకొని నిద్రించవలెను. తెలుపు, బూడిద రంగుల వెలుగుకంటె ఆకుపచ్చ, నీలముల మార్పు వరుసల పద్ధతిలో మేలైన ఫలితమిచ్చినదని 2009లో జపాను పరిశోధకులే చూపిరి.

ఇక మన అక్షరముల మాట. 36 గడులలో ఆంగ్లము ఇముడును. 56 అక్షరములు, గుణింతములు, వత్తులు గల తెలుగు ఇమడదు. అయితే మన పెద్దలు వర్ణమాలను ముందే గడులలో అమర్చిరి గదా! క, చ, ట, త, ప వర్గములు ఐదు, వర్గమున కైదక్షరములు. కోడలు ఉపయోగించిన పలక ఇదియే. చిక్కు మరియొకటి కలదు. ఇట్టి యంత్రములలో పొరపాట్లు తరచుగా కోరిన గడికి ప్రక్క గడిలోనే సంభవించును. మన వరుసలో ప ప్రక్కన ఫ, ద ప్రక్కన ధ. ఆకృతిలోను దాదాపు కవలలే. వర్ణమాల క్రమమును చెరిపివేయుదమందురా, పలకపై దిద్దిన క్రమమే ముసలివారికి దారి చూపునది. మొదట వర్గములు వెలుగవలెను. వర్గమొకటి తెరచుకొనిన పిదప, దాని ఐదక్షరములు నాలుగు మూలలను, నడుమను దూరదూరముగా నిలువవలెను. గుణింతము మూడవ మెట్టు. ఇది మా ఊహ, పరీక్షించి చూడవలసినది. తెర నిర్మించువారు ఆ కోడలి వంటివారిని ఒక పూట కూర్చుండబెట్టి అడిగినచో, మాకంటె మంచి మాట దొరకవచ్చును.

ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలములోని గుంజాలలో వ్రాతప్రతులు లభించిన గోండీ లిపియు 2018లో యూనికోడులో స్థానము పొందినది. కావున దాని అక్షరములను సయితము తెరపై వెలిగించుటకు వీలున్నది.

చూపు నిలుపలేని రోగులకు ఈ పలకలు అంతగా పనికిరావు. వారికై వెలుగులకు బదులు ధ్వనులను వినిపించు పద్ధతులును కలవు. రేడియోవారమైన మాకు ఆ సంగతి వినుటకు ఇంపుగా ఉన్నది.

ఆ ఊరిలో మరియొక విషయము గమనించితిమి. మోటరు తిరుగుచున్నంత సేపు వారి రేడియో గరగరలాడెను. మన ఇండ్లలోని విద్యుత్తు సెకనుకు 50 మార్లు ఊగిసలాడును. ఆ రొద తలపై ఎలక్ట్రోడ్లలోనికిని చొరబడును. ఆ రైతుకు ఇట్టి పలక నమర్చదలచినవారు మొదట మంచము ప్రక్క గోడకున్న స్టార్టరు పెట్టెను దూరముగా మార్పించవలసియుండును. దానికి మాత్రము ఆయన ఒప్పుకొనకపోవచ్చును.