డాక్టరు గారూ, ఆ ఒక్క ప్రశ్న అడగండి



బడి రిజిస్టరులో తండ్రి వృత్తి రాస్తాం. ఆ తండ్రే దగ్గుతో ఆసుపత్రికొస్తే, చాలా ఓపీ చీటీల్లో ఆ గడి ఉండదు. "నీ పనేమిటి?" అని అడగమని రామజ్జిని 1700లోనే వైద్యులకు చెప్పాడు.

మార్కాపురం పలకల పనివారికి, రాళ్లు కొట్టేవారికి వచ్చే సిలికోసిస్ ఎక్స్‌రేలో క్షయలా కనిపించవచ్చు. రెండూ కలిసీ ఉండవచ్చు. క్షయ మందులతో సిలికోసిస్ తగ్గదు. అందుకే మార్గదర్శకాలు పాటించండి: దుమ్ములో ఎన్నేళ్లు పనిచేశాడో రాయండి, ఎక్స్‌రేను అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రామాణిక ఫిల్ములతో పోల్చండి, కఫం పరీక్ష చేయించండి. 1948 ఫ్యాక్టరీల చట్టం దీన్ని తెలియజేయవలసిన జబ్బుల్లో చేర్చింది. మీరు జబ్బు పేరు రాయకపోతే, ఆ ఇంటివారు పరిహారం అడగడానికి ఆధారం ఉండదు.

మన ఉచిత శిబిరం చీటీలో "వృత్తి" గడి పెడదాం. నింపే బాధ్యత మీది.