కాల్చకుండా ఉండటమూ విద్యే

ఈరోజు పట్టాలు అందుకుంటున్న ఇంజినీర్లకు అభినందనలు.

మీలో కొందరు రక్షణ రంగంలో అడుగుపెడతారు. అందుకే యుద్ధట్యాంకును కాపాడే ఒక వ్యవస్థ గురించి నాలుగు మాటలు చెబుతాను.

ట్యాంకులను ఛేదించే ఆర్‌పీజీ-7 రాకెట్‌ను వంద మీటర్ల దూరం నుంచి ప్రయోగిస్తే, ట్యాంకును తాకడానికి సుమారు అర సెకను చాలు. మనిషి చూసి తప్పుకునేంత వ్యవధి ఉండదు. కవచం మందం పెంచుకుంటూ పోతే బండి కదలలేదు. కాబట్టి రాకెట్‌ను దారిలోనే దెబ్బతీయాలి. సోవియట్ ఇంజినీర్లు 1980లలోనే అలాంటి ‘ద్రోజ్ద్’ వ్యవస్థను టీ-55 ట్యాంకులకు అమర్చారు. 2006 లెబనాన్ యుద్ధంలో క్షిపణులు తన మెర్కావా ట్యాంకులను దెబ్బతీశాక ఇజ్రాయెల్ ‘ట్రోఫీ’ అనే వ్యవస్థను వాటికి బిగించడం మొదలుపెట్టింది. 2011 మార్చిలో గాజా సరిహద్దు దగ్గర అది తొలిసారి శత్రు రాకెట్‌ను అడ్డుకుంది.

ట్యాంకుకు నలువైపులా ఉన్న ట్రోఫీ రాడార్ పలకలు రాకెట్‌ను పసిగడతాయి. అది ఎటు పోతుందో కంప్యూటర్ లెక్కగడుతుంది. ట్యాంకుకు తగులుతుందని తేలితేనే లాంచర్ అటు తిరిగి లోహపు ముక్కలను ఎదురుగా చిమ్ముతుంది. పక్కనుంచి పోయేదైతే వదిలేస్తుంది.

అసలు కష్టమంతా ఆ వదిలేయడంలోనే ఉంది. ట్యాంకు పక్కన మన కాల్బలం నడుస్తుంటుంది. ఎగిరే పక్షిని చూసి యంత్రం పొరబడితే పోయేది మన జవాను ప్రాణం. అలాగని మరీ ఆచితూచి ఆలోచిస్తే అసలు రాకెట్ లోపలికి దూసుకొస్తుంది. ఆ హద్దు ఎక్కడ గీయాలో నిర్ణయించడమే ఇంజినీరు పని. అవతలివాడూ ఊరుకోడు. ముందు ఒక బూటకపు రాకెట్‌ను, వెనకే అసలుదాన్ని పంపే ఆర్‌పీజీ-30ని రష్యా అందుకే తయారుచేసింది. ఇప్పుడు డ్రోన్లు ట్యాంకు నడినెత్తి మీదే దిగుతున్నాయి.

ట్యాంకులను ఛేదించే క్షిపణులు చేసే భారత్ డైనమిక్స్ సంస్థ మన హైదరాబాద్‌లోదే. బీఎంపీ-2 కవచ శకటాలు తయారయ్యిందీ మెదక్ ఆయుధ కర్మాగారంలోనే. దాడీ రక్షణా రెండూ ఎరిగిన ఈ గడ్డ మీద చదివిన మీకు ఈ పని కొత్తది కాదు.

నేను కోరేది ఒక్కటే. పరీక్షలో యంత్రం ఎన్నిసార్లు గెలిచిందో ఎవరైనా రాస్తారు. కాల్చకూడని చోట ఎందుకు కాల్చిందో దాచకుండా నివేదికలో రాయండి, సరిదిద్దేదాకా సంతకం పెట్టకండి. దాని పక్కన నడవాల్సిన జవానుకు మీరివ్వగల భరోసా అదే.