ముందు మాస్టారే విద్యార్థి

2017 జూలైలో మొదలైన 'స్వయం' అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో ప్రతి కోర్సుకూ నాలుగు భాగాలుంటాయి: వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, స్వీయ పరీక్ష, సందేహాల చర్చ. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులను కళాశాలలు ఇందులో చదవనివ్వొచ్చు.

కాబట్టి ఇలా ఆన్‌లైన్‌లో బోధించడానికి అధ్యాపకులకు తర్ఫీదు కావాలి. ఏ బటన్ ఎక్కడుందో చూపితే సరిపోదు. గంట పాఠాన్ని పది నిమిషాల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క చివర ఒక ప్రశ్న వేయడం వారిచేత సాధన చేయించాలి. ముందు మాస్టారే విద్యార్థిగా లాగిన్ అయి, మామూలు ఫోన్‌లో, మొబైల్ డేటా మీద వీడియో చూసి, క్విజ్ రాసి, అసైన్‌మెంట్ పంపాలి. పిల్లలు ఎక్కడ ఆగిపోతారో అప్పుడే తెలుస్తుంది.

ప్రిన్సిపాల్‌గార్లకు ఒక మనవి: సెమిస్టర్ మొదలుకాకముందే మీ అధ్యాపకులకు ఈ తర్ఫీదుకు సమయం ఇవ్వండి.