చిన్న చేతులు - కాగితపు ఎద్దు

(ఆదోనిలో అంగన్‌వాడీ కార్యకర్తలు, స్త్రీల సంఘాలు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవారి కోసం జరిగిన శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడమని పిలిస్తే ఈమె కత్తెరలు, పాత పెండ్లి పత్రికలు, గిన్నెడు జిగురు పట్టుకొచ్చిందేమిటా అని పొద్దున మీలో కొందరు నవ్వుకున్నారు. తర్వాత అందరం కింద కూర్చుని, కాగితం ముక్కలు అతికించి ఎద్దుబొమ్మలు చేశాం. గంటసేపు ఎవరూ తలెత్తలేదు. చివర్లో ఒక అక్క వేళ్లు తుడుచుకుంటూ "ఇది అనుకున్నంత సులువు కాదు మేడమ్, కొమ్ము కత్తిరించేటప్పటికి చెయ్యి నొచ్చింది" అన్నది. ఆ మాట దగ్గరే మొదలుపెడతాను.

అతుకు బొమ్మ మనకు కొత్త కాదు. పాత చీరల ముక్కలు ఒకదానిమీద ఒకటి వేసి బొంత కుట్టిన అవ్వలు మన ఇండ్లలోనే ఉన్నారు. సరిహద్దు దాటితే కన్నడం వాళ్లు దాన్నే కౌది అంటారు. బొమ్మకు ఎద్దును ఎంచుకోవడానికీ కారణముంది. జ్యేష్ఠ అమావాస్యకు ఈ ప్రాంతంలో ఇంటింటా మట్టెద్దులు పెట్టి పూజ చేస్తారు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరలో పిల్లలు ఎద్దుల్ని చూసే ఉంటారు. అచ్చు పుస్తకంలో వచ్చే పెంగ్విన్ గురించి ఏ బిడ్డతోనూ వాదించలేం. ఎద్దు గురించి అయితే మూడేళ్ళ బిడ్డ కూడా మనతో వాదిస్తుంది.

ఎలా చేశామో ఒకసారి గుర్తు చేసుకుందాం. నేను చెప్పదలుచుకున్నదంతా ఆ పనిలోనే ఉంది. రంగు కాగితాలు కొనక్కర్లేదు. పాత క్యాలెండర్లు, పెండ్లి పత్రికలు, సబ్బుపెట్టెలు, బట్టల అంగట్లో పారేసే అట్టలు చాలు. జిగురు కోసం రెండు చెంచాల మైదాను ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, గ్లాసు నీళ్లు పోసి, సన్న మంటమీద చిక్కబడేదాకా తిప్పాలి. గోడపత్రికలు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం వేస్తారు. మనం వేయకూడదు. అది విషం, పిల్లలు జిగురు వేళ్లు నోట్లో పెట్టుకుంటారు. ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకుంటే సరి.

ముందు పెద్ద ముక్క, ఎద్దు పొట్ట. తర్వాత తల, నాలుగు కాళ్లు, మూపురం, కొమ్ములు, తోక. కన్ను ఆఖర్న. జిగురు పూయకముందు ముక్కలన్నీ అట్టమీద పరిచి, జరిపి చూసుకోవాలి. అవతలి కాళ్లు పొట్ట కిందికి పోవాలి, ఇవతలి కాళ్లు పైకి రావాలి. ఏది ముందు, ఏది వెనక, ఏది కనబడుతుంది, ఏది దాగుతుంది అని బిడ్డ తనంతట తాను తేల్చుకుంటుంది. తొందరపెట్టకుండా ఉండడమే అక్కడ మనం చేయవలసిన పని.

మూడేళ్ళ బిడ్డకు కత్తెర అక్కర్లేదు, చింపనివ్వాలి. రెండు చేతులూ ఎదురుబొదురుగా కదిపితేనే కాగితం చిరుగుతుంది. అది నేర్చుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. నాలుగో ఏట మొనలేని చిన్న కత్తెర ఇస్తే తిన్నగా కత్తిరిస్తారు. ఐదో ఏట వంపు కత్తిరించడం వస్తుంది. వంపు దగ్గర కత్తెరను తిప్పకూడదు, రెండో చేత్తో కాగితాన్ని తిప్పాలి. ఇది ఒక పెద్ద విద్య. ఒక చెయ్యి కోస్తుంటే మరో చెయ్యి దారి చూపాలి, కన్ను రెంటినీ కాయాలి. రేపు పలకమీద 'అ' రాయబోయే చెయ్యి ఇక్కడ తయారవుతుంది. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ మహారాష్ట్రలోని బోర్డి, కోస్బాడ్‌లలో పేద పిల్లలకు బడులు నడిపినప్పుడు ఆకులు, గవ్వలు, గింజల వంటి చేతికందిన వస్తువులతోనే నేర్పారు. అంగన్‌వాడీ అన్న మాట కూడా వాళ్ల నుంచే మనకు వచ్చింది.

ఇక కేంద్రాల్లో జరుగుతున్నదేమిటి? ఊరి పేరు చెప్పను. ఒక కేంద్రంలో గోడనిండా ఏనుగు బొమ్మలు చూశాను. పన్నెండు ఏనుగులు, పన్నెండూ ఒక్కలాగే ఉన్నాయి. అన్ని తొండాలూ ఒకేవైపు తిరిగి ఉన్నాయి. అడిగితే కార్యకర్త దాచలేదు. "రాత్రి ఇంట్లో కూర్చుని నేనే కత్తిరించినానమ్మా, పిల్లలతో జిగురు మాత్రం పూయించినాను. ఫోటో పంపాల కదా" అన్నది. కత్తెరలు బీరువాలో భద్రంగా ఉన్నాయి. పోతే తన మెడకు చుట్టుకుంటుందని ఆమె భయం. ఆమెను నేను తప్పు పట్టడం లేదు. రిజిస్టర్లు, తూకాలు, గుడ్లు, పాలు, ఫోన్‌లో నింపవలసిన లెక్కలు, ఎన్నికల పనులు అన్నీ ఒకే మనిషి నెత్తిన పెట్టి, ఆ పైన పిల్లలతో ఆడించమని అడుగుతున్న వ్యవస్థ అది. కానీ నష్టపోయింది మాత్రం ఆ పన్నెండు జతల చేతులు.

ఇప్పుడు ఆ చేతుల్ని కాసేపు పక్కన పెట్టి, వాటికంటే నాలుగైదేళ్లు పెద్దవైన చేతుల దగ్గరికి పోదాం. సీడు పత్తి చేనుకు రండి.

1970లో గుజరాత్‌లోని సూరత్‌లో సి.టి. పటేల్ హెచ్-4 అనే సంకర పత్తిని విడుదల చేసిన తర్వాత, సంకర విత్తనం తయారీ పెద్ద వ్యాపారమైంది. అందులో ప్రతి పువ్వునూ చేత్తోనే సంకరం చేయాలి. మన వాళ్లు దాన్ని క్రాసింగ్ పని అంటారు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే వెతికి, గోటితో మగ కేసరాలు తీసెయ్యాలి. లోపలి కీలానికి గాయం కాకూడదు. తీసిన మొగ్గ గుర్తుండడానికి ఎర్ర కాగితపు తొడుగు వేయాలి. మర్నాటి పొద్దున ఆ తొడుగు తీసి, మగపువ్వు పుప్పొడి రుద్ది, మళ్ళీ తొడుగు వేయాలి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ పని చేసినవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలేనని దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు 2000 తర్వాతి సంవత్సరాల్లో లెక్కలతో సహా బయటపెట్టారు. తల్లిదండ్రులకు ముందే అప్పు ఇచ్చి పిల్లల్ని పనికి కట్టేసుకున్న తీరు కూడా ఆ అధ్యయనాల్లో ఉంది.

ఆడపిల్లలే ఎందుకని అడిగితే యజమానులు చెప్పే జవాబు మనందరికీ తెలిసిందే. "వాళ్ల వేళ్లు సన్నం, చేతులు ఒడుపు, ఓపిక ఎక్కువ." ఇది పొగడ్తలాగా వినబడుతుంది. కానీ ఆ పొగడ్త చివర కూలి తక్కువగా ఉంటుంది. డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ అనే ఇద్దరు స్త్రీవాద పరిశోధకులు 1981లో ఎగుమతి ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ల గురించి రాస్తూ, చురుకైన వేళ్లు పుట్టుకతో వచ్చినవి కావన్నారు. చిన్నప్పటినుంచి ఇంట్లో కుట్టుపని, చేతిపని నేర్పితే వచ్చిన శిక్షణ అది. ఇంట్లో నేర్చుకున్నది గనక ఎవరికీ కనబడదు. కనబడదు గనక నైపుణ్యం అనిపించుకోదు. నైపుణ్యం కాదు గనక జీతం తక్కువ.

పొద్దున మన అక్కకు చెయ్యి నొచ్చిందంటే అర్థమిదే. ఒడుపు నేర్చుకుంటే వచ్చేది, సాధన చేస్తే కుదిరేది. కొమ్ము వంపు కత్తిరించడానికి ఇంత కష్టపడితే, రోజూ వందల మొగ్గలు గాయం కాకుండా ఒలిచే పదేళ్ళ పిల్లది చేతగాని పనివాళ్ల లెక్కలోకి ఎట్లా వస్తుంది? ఆ పిల్ల చేతిలోనూ కాగితం ఉంది. ఆ ఎర్ర తొడుగు ఎక్కడ తొడగాలో, ఎన్ని తొడగాలో, ఎప్పటికి తొడగాలో ఇంకొకరు నిర్ణయించారు. ఎద్దు కొమ్ము ఎటు వంచాలో నిర్ణయించింది బిడ్డే. రెండూ వేళ్ల పనే, రెండింటిలోనూ కాగితమే. తేడా అంతా ఆ నిర్ణయం ఎవరిదన్న దగ్గర ఉంది. ఆటను హక్కు అని నేను ఎందుకంటున్నానో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఎమ్మిగనూరు వైపు చూద్దాం. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘంతో ఆ ఊరికి పేరొచ్చింది. మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. పక్కన కండెలు చుట్టేది భార్య, కూతురు. గుడ్డ కొలిచేటప్పుడు ఆ కండెల లెక్క ఎవరూ తీయరు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. అయితే బడివేళలు కాని సమయంలో, సెలవుల్లో, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో సాయపడవచ్చునని సందు వదిలారు. ఆ సందులోనుంచి ఎక్కువగా ఇంట్లోకి పోయేది ఆడపిల్లే.

ఇంకో పిల్ల గురించి చెప్పాలి. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు ఊళ్లనుంచి పంటలైపోగానే జనం సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయలు కోయను, పత్తి తీయను. సుగ్గికి పోయిన ఒక ఊళ్ళో, మేం కాగితాలు పంచుతుంటే ఎనిమిదేళ్ళ పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని గడప దగ్గర నిలబడింది. తమ్ముడి పేరు రిజిస్టర్లో ఉంది, ఈమె పేరు లేదు. ఆరేళ్లు దాటిపోయాయి. బడిలో పేరుంది గానీ బడికి పోదు. లోపలికి రమ్మంటే మొదట రాలేదు. తర్వాత పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టి ఎద్దును చేసింది. దాని వీపు మీద ఇంకో చిన్న ఎద్దును అతికించింది. "దూడ పక్కన నిలబడాల కదమ్మా" అని కార్యకర్త అంటే, "అట్లయితే తప్పిపోతాది. మాయమ్మ సుగ్గికి పోయింది, నేనే ఎత్తుకోవాల" అన్నది. కార్యకర్త ఆ బొమ్మను సరిచేయలేదు. నేర్పు అంటే అదే.

ఆ పిల్లకు మన చట్టాల్లో చోటెక్కడ? 2002లో 86వ రాజ్యాంగ సవరణతో ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వరకు చదువు ప్రాథమిక హక్కయింది. ఆరేళ్ళ లోపు పిల్లల సంరక్షణ, విద్య మాత్రం 45వ అధికరణంలో ఆదేశిక సూత్రంగానే ఉండిపోయింది. రాజ్యం ప్రయత్నించాలి అన్నారే గానీ, ఇవ్వకపోతే కోర్టుకు పోయి అడగగల హక్కుగా రాయలేదు. తమ్ముడి హక్కును ఆదేశిక సూత్రాల్లో వదిలేస్తే, అక్క ప్రాథమిక హక్కు తమ్ముడి చంకలోనే ఆగిపోయింది. ముప్ఫైమందికి మించి ఆడవాళ్లున్న ఫ్యాక్టరీల్లో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. ఐదుగురు చిన్నపిల్లలుంటే చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టాలని 2005 ఉపాధి హామీ చట్టం చెప్పింది. మిరపచేనికి, పత్తిచేనికి ఈ మాట ఎవరూ చెప్పలేదు. వలసపోయినవాళ్ల బడిపిల్లల కోసం సీజనల్ హాస్టళ్లున్నాయి. అవి సుగ్గికి బండ్లు కదలకముందే తెరవాలి. చంకలో పిల్లాడుంటే అక్క హాస్టల్‌కు పోలేదు గనక, రోజంతా నడిచే శిశుసంరక్షణ కేంద్రం పక్కనే ఉండాలి.

చివరగా మీ చేతుల గురించి. 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ మొదలైననాటినుంచి మీది సేవ అన్నారు, ఇచ్చేది గౌరవ వేతనం అన్నారు. పిల్లల్ని చూసుకోవడం ఆడవాళ్లకు సహజం కదా అన్నారు. చేనులో ఆడపిల్ల వేళ్ల గురించి అన్నమాటకూ దీనికీ తేడా ఉందా? నైపుణ్యాన్ని స్వభావం అనడం, ఆ పేరుతో కూలి కోయడం ఒకటే పద్ధతి. 2022లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. 2023 డిసెంబర్‌లో మీరు సమ్మెకు దిగారు. అప్పటికి కార్యకర్తకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. ఎస్మా ప్రయోగించినా 42 రోజులు నిలబడ్డారు. ఆ రోజుల్లో అడిగిన జీతానికీ, ఈరోజు బీరువాలోంచి బయటికి తీయమంటున్న కత్తెరకూ సంబంధముంది. పన్నెండు ఒకేలాంటి ఏనుగులకు ఎవరైనా తక్కువ జీతమే ఇస్తారు. పన్నెండు వేర్వేరు ఎద్దుల్ని పన్నెండుమంది పిల్లలచేత చేయించడం చదువు చెప్పడం, చెప్పినవాళ్లు టీచర్లు.

అందుకే మూడు పనులు అడుగుతున్నాను. రేపు కేంద్రానికి పోయి కత్తెరలు బయట పెట్టండి. వంకరగా వచ్చినా సరే, పిల్లలు కత్తిరించిందే గోడకు అంటించండి, దానికే ఫోటో తీయండి. గడప దగ్గర నిలబడిన అక్కను లోపలికి పిలవండి. ఆమె పేరు వేరే పుస్తకంలో రాసుకుని, ఆ పుస్తకం పట్టుకుని అందరం కలిసి బడికి, మండలాఫీసుకు పోదాం. తమ్ముడికి చోటు అడుగుదాం, ఆమెకు బడి అడుగుదాం. స్వచ్ఛంద సంస్థల మిత్రులు సీడు పత్తి కంపెనీల్ని, మిరపచేల యజమానుల్ని, మేస్త్రీలను అడగవలసిన ప్రశ్న కూడా ఒకటుంది: ఆ ఒడుపైన చేతులు ఎవరి పిల్లలవి, వాళ్లు ఈ వేళప్పుడు ఎక్కడుండాలి?

పొద్దున చేసిన ఎద్దుల్ని ఎవరివి వాళ్లు తీసుకుపొండి. జిగురు ఆరింది.