బాహుకుని పలుకరింపుఁడు
(జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల సంఘ వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను గోరిరి. నేను వీడియో ఆటలను గూర్చి మాటలాడెదను. రెండును నొకటే యని తుదకు మీకే తోఁపఁగలదు.

మా యల్లుఁడు భూపాలపల్లి బొగ్గుగనులలోఁ బని చేయును. దౌహిత్రుఁడు జనగామలో నాయొద్ద నుండి చదువుచు, రాత్రులు సెల్‌ఫోనులో యుద్ధక్రీడ నాడుచుండెను. ముప్పదియైదేండ్లు బాలురకు బుద్ధులు చెప్పిన నేను ఒకనాఁడు దానిని లాగికొని బీరువాలోఁ బెట్టి తాళము వేసితిని. ఫోనుతోపాటు వాని నోటికిని తాళము పడెను. మూఁడు నెలలు నాతోఁ బలుకలేదు, బడికిని బోలేదు.

హనుమకొండలో నొక మనోవైద్యురాలి కడకుఁ గొనిపోయితిమి. ఆమె ఆటను మెచ్చలేదు, తిట్టలేదు. “ఆటలో నీ పేరేమి? నీతో నెవ్వరాడుదురు?” అని యడిగెను. తరగతిలో వెనుక బల్లపైఁ గూర్చుండు మా వాఁడు అచ్చట నలుగురకు నాయకుఁడఁట! ఆ నలుగురును వాఁడు భూపాలపల్లిలో విడిచి వచ్చిన చిన్ననాఁటి నేస్తులు. ఆ ప్రశ్న నే నెన్నఁడు నడుగనైతిని.

భారతమున నలుఁడు జూదమున రాజ్యము గోల్పోయి, బాహుకుఁడను మాఱురూపున ఋతుపర్ణుని కొలువులో నుండెను. దమయంతి కేశినిని బంపి, ప్రశ్నింపించి, బాహుకునియందు నలుని గుర్తించెను. మాఱురూపమును దూషించు వైద్యుఁడు రోగిని గోల్పోవును, పలుకరించువాఁడు పొందును.

ప్రమాదము లేదని నా భావము గాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరినుండి యమలులోనికిఁ దెచ్చిన రోగపట్టికలో క్రీడావ్యసనమును జేర్చినది. అదుపు తప్పుట, తక్కిన పనులకంటె ఆటయే ముఖ్యమగుట, కీడు గలిగినను మానకుండుట—ఇవి సామాన్యముగా పండ్రెండు మాసములు నిలిచినఁగాని యా పేరు పెట్టరు. వైద్యులలో కొంద ఱిది ప్రత్యేక రోగమందురు. కొందఱు లోపలి దిగులునకు గుర్తందురు. బెంగుళూరి నిమ్‌హాన్సులో 2014లోనే యిందులకుఁ బ్రత్యేక చికిత్సాశాల వెలసెను. ప్రభుత్వము 2020లో పబ్జీని నిషేధింపఁగా, మఱుసటి యేఁడే పేరు మార్చుకొని యా యాట తిరిగి వచ్చెను. నిషేధము పిల్లవాని యొంటరితనమును మాన్పఁజాలదు.

దాతలారా! మన వసతిగృహమున నుండువారందఱును ఊరు విడిచి వచ్చిన పిల్లలే. కట్టింపఁదలఁచిన గదులలో నొకటి తగ్గినను దగ్గుఁగాక. నెలకొకమాఱు మనోవైద్యుఁడు వచ్చి వారితో మాటలాడు నేర్పాటు చేయుఁడు. అంతవఱకు 14416 అను టెలిమానస్ సంఖ్యకు ఫోను చేసినచో నుచితముగా సలహా లభించును.

మా వాఁడిప్పుడు బడికిఁ బోవుచున్నాఁడు. ఆదివారములందు నాకా యాట నేర్పుచున్నాఁడు. మొదటి నిమిషముననే నేను హతుఁడనగుచున్నాను, వాఁడు నవ్వుచున్నాఁడు. ఆ నవ్వు చాలును. సెలవు.